గండము గడచినపిమ్మట

అరక్కోణమునుండి రేణిగుంటకు పోవు రైలుబండి తిరుత్తణి దాటి తెలుగునేలను ప్రవేశించినపిమ్మట ముక్కువలె నిక్కి నిలిచిన యొక కొండ కనబడును. అది నగరి కొండ. పూర్వము సముద్రముమీద పోవు నావికులకు సైతము అది గురుతుగ నుండెడిది. ఆ చేరువనే ఏకాంబరకుప్పము స్టేషను కలదు. అచ్చట బండి యెక్కువారిలో బట్టలమూటలతో పోవు వ్యాపారులును, తిరుమలయాత్రికులును ఎల్లప్పుడు నుండెడివారే. ఇప్పుడు మూడవ తెగ యొకటి చేరినది. వీరి చేతులలో పెద్ద కాగితపు కవరులుండును. వానిలో ఎక్స్‌రే చిత్రములు, రక్తపరీక్షల చీటీలు ఉండును. చొక్కాగుండీ యొకటి వదులైనచో రొమ్మునడుమ నిలువుగ నొక గీత కనబడును. అది గుండెకు శస్త్రచికిత్స జరిగినదనుటకు గురుతు.

నగరివారి కొక యదృష్టము కలదు. ఉత్తరమున తిరుపతి, నైరృతిదిశను వేలూరు, తూర్పున చెన్నపట్టణము. ఈ మూడు వైద్యస్థానములకు నడుమ ఈ యూరు నెలకొనియున్నది. వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలలో 1961లోనే గుండెను తెరచి చేయు శస్త్రచికిత్సయు, 1971లో మూత్రపిండపు మార్పిడియు జయప్రదముగ జరిగినవి. తిరుమల తిరుపతి దేవస్థానమువారి పూనికతో వెలసిన శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ 1993లో తిరుపతిలో సేవ నారంభించి, 1995లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తిని పొందినది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినపిమ్మట గుండెకోత ధనికుల సొత్తుగ నుండుట మానినది. మగ్గముమీద బ్రదుకువాడును, రెండెకరముల మెట్టరైతును నేడు ఆ చికిత్సను పొందుచున్నారు. ఇది సామాన్యమైన మార్పు గాదు.

కాని యీ సౌకర్యమువెంట నొక భ్రమయు వ్యాపించినది. శస్త్రచికిత్స జరిగినది గనుక గండము గడచినదని రోగియు, బంధువులును తలచుచున్నారు. గడచినది ఒక గండము మాత్రమే. రోగికి మధుమేహము కూడ నున్నచో, రెండవ గండము గుండెయందు గాక నడుమువెనుక, మాటుగనుండు మూత్రపిండములయందు పొంచియుండును. ఆ రెండవదానినిగూర్చి పాఠకులకు తెలుపుటకే యీ వ్యాసము.

ఒక యింటి కథ

ఇది పరుల కథ గాదు. మా మేనమామగారిది నగరికి చేరువ పల్లె. చెరకును, మామిడియు ఆయన పంటలు. పదునెనిమిదియేండ్లుగ మధుమేహము, అందు తొమ్మిదియేండ్లు ఇన్సులిన్ సూదులు. గుండెకు రక్తమును తెచ్చు నాళములు మూడు మూసుకొనిపోగా బైపాస్ చికిత్స జరిగినది. పండ్రెండవనాటికి ఇల్లు చేరిరి. ఊరివా రందరు వచ్చి చూచిరి. అత్త మ్రొక్కుబళ్లు చెల్లించెను.

ఆసుపత్రివా రిచ్చిన ఆరుపుటల పత్రము ఆంగ్లమున నుండెను. "నాయనా, నీవు చదివినవాడవు గదా, ఏమున్నదో చెప్పు" అని అత్త దానిని నా చేతి కిచ్చెను. నేను దానిని తిరుగవేసి, గుండెను గూర్చిన పంక్తులు చదివి, అంతయు సవ్యముగ నున్నదని చెప్పితిని. నాలుగవపుటలో నొక పంక్తి కలదు. శస్త్రచికిత్స జరిగిన రెండవనాడు రక్తములోని క్రియాటినిన్ 1.3 నుండి 2.2కు పెరిగి, ఇంటికి పంపునాటికి 1.7కు దిగినదనియు, వారమునాటికి మరల పరీక్షింపవలెననియు, నొప్పిమాత్రలు వాడరాదనియు అందుండెను. దానిని నేను చదువలేదు. పత్రము బీరువాలోనికి పోయెను.

మోకాళ్లనొప్పికి మామగారు అంగడిలో మాత్రలు కొని మ్రింగుచు వచ్చిరి. నెలలు గడచెను. ఇంతలో నొక శుభవార్త! రెండువందల యిరువదిలో నుండెడి చక్కెర నూటముప్పదికి దిగెను; మరికొన్నాళ్లకు తొంబదికి దిగెను. "గుండె బాగైనది, చక్కెరయు దానివెంటనే లొంగినది" అని ఆయన పొంగిపోయిరి. ఇంత మేలు చేసిన ఇన్సులిన్‌ను తగ్గించుట యేల యని పాతమోతాదునే పొడుచుకొనుచుండిరి.

ఒకనాటి వేకువజామున అత్త మేల్కొని చూడగా ఆయన చెమటతో పక్కయంతయు తడిసియుండిరి. పిలిచిన పలుకరు. మరల గుండెపోటు వచ్చినదని తలచి బండి కట్టించి కొనిపోయితిమి. వైద్యుడు వ్రేలికొనను గ్రుచ్చి చూచెను. చక్కెర 38. నరమునకు గ్లూకోజు నెక్కింపగా కొన్ని నిముషములలో మామగారు కన్నులు తెరచి, "ఇదెక్కడ?" అనిరి. మా ప్రాణములు కుదుటపడెను. కాని రక్తపరీక్ష వచ్చుసరికి క్రియాటినిన్ 4.1.

అప్పుడు వైద్యుడు చెప్పిన మాట నేను మరువజాలను. "అయ్యా, చక్కెర దిగినది వ్యాధి తగ్గి కాదు. దేహమునకు పనికివచ్చిన పిమ్మట ఇన్సులిన్‌ను వెలికి తొలగించునవి మూత్రపిండములు. అవి చెడుటచే నేటి సూది రేపును పనిచేయుచున్నది. మీరు జయమని తలచినది అపాయపు గంట." మామగారు బ్రదికిరి. డయాలిసిస్ ఇంకను తప్పియున్నది. కాని పోయిన మూత్రపిండశక్తి తిరిగి రాలేదు. ఆ నాలుగవపుట నేను చదివియుండిన ఏమయ్యెడిదో యను తలపు నన్ను విడుచుట లేదు.

గుండెకోత మూత్రపిండములను ఏల తాకును?

మూత్రపిండములు చూచుటకు చిన్నవి. ఒక్కొక్కటి నూటయేబది గ్రాముల లెక్కను తూగును. కాని గుండె వెలికి పంపు రక్తములో అయిదవవంతు వీనికే పోవును. అవి దినమునకు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, దానిలో దాదాపు నంతటిని దేహమునకు తిరిగి యిచ్చి, లీటరున్నర మాత్రము మూత్రముగ విడుచును. ఇంత రక్తమును కోరు అవయవమునకు రక్తప్రసారమున ఏ కొరత వచ్చినను వెంటనే సోకును.

1953 మే 6వ తేదీని ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అను వైద్యుడు హృదయ శ్వాసకోశముల పనిని యంత్రమున కప్పగించి, గుండెను తెరచి కుట్టెను. 1967లో క్లీవ్‌లండ్‌లో ఫవలోరో కాలినుండి తీసిన సిరతో మూసుకొనిన నాళమునకు ప్రక్కదారి కల్పించు బైపాస్ పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. యంత్రము రక్తమును వెలికి తెచ్చి, ప్రాణవాయువు నెక్కించి, మరల దేహములోనికి నెట్టును. ఈ పయనమున ఎఱ్ఱకణములు కొన్ని నలిగి పగులును. దేహమంతట మంటవంటి తాపము పుట్టును. రక్తపుటొత్తిడి కొంతసేపు తగ్గవచ్చును. ఇవన్నియు మూత్రపిండములపై పడును. కొట్టుకొనుచున్న గుండెమీదనే కుట్టు పద్ధతియు మన దేశమున విరివిగ నున్నది. ఐనను ముప్పు పూర్తిగ తొలగుట లేదు. అంతకు కొన్నినాళ్లముందే ఆంజియోగ్రామునకై ఎక్కించిన రంగుమందు కూడ బలహీనమైన మూత్రపిండములకు బరువగును.

అందుచే గుండెకోత జరిగినవారిలో నూటికి ఇరువదిమొదలు ముప్పదిమందివరకు మూత్రపిండములు ఎంతో కొంత దెబ్బతినుచున్నట్లు కనబడుచున్నది. పెక్కురకు అది కొలదిదినములలో సర్దుకొనును. డయాలిసిస్ కావలసివచ్చువారు కొలదిమందియే. కాని అట్టివారిలో మరణభయము మిక్కిలి హెచ్చు. మఱియు ఒకమారు దెబ్బతిని కోలుకొనిన మూత్రపిండము తర్వాతి సంవత్సరములలో క్షీణించు అవకాశము ఇతరులకంటె వీరి కెక్కువ. ఇంటికి వచ్చినపిమ్మట పరీక్షింపుమని వైద్యులు చెప్పుట కిదియే కారణము.

చక్కెర చేయు కీడు

మధుమేహము మన పూర్వవైద్యుల కెరుకపడినదే. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను వారు గమనించిరి. పుట్టుకతో వచ్చునది, అపథ్యమువలన వచ్చునది అని సుశ్రుతుడు ప్రమేహమును రెండుగ విభజించెను. కాని మూత్రమున తీపి కనబడుటకు ముందే రక్తమున హాని జరుగుచుండును. ఆరోగ్యవంతుని మూత్రపిండము నూరు మిల్లీలీటర్ల రక్తములో సుమారు 180 మిల్లీగ్రాములవరకు చక్కెరను జారనీయదు. అది దాటినపిమ్మటనే చీమల వంతు వచ్చును.

1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు అను ఇరువురు ఇన్సులిన్‌ను వెలికితీయగా, 1922 జనవరిలో మొట్టమొదట నొక బాలునికి దాని నిచ్చిరి. నాటినుండి మధుమేహము తక్షణమరణము గాక దీర్ఘసహవాసమైనది. సహవాసము దీర్ఘమగుకొలది చక్కెర సన్ననినాళముల గోడలను చెరచుచు కన్ను, మూత్రపిండము, నరము, గుండె అను నాలుగింటిని తినుచున్నది. భారతీయ వైద్యపరిశోధన మండలివారి సహాయమున జరిగి 2023లో వెలువడిన లెక్కనుబట్టి మన దేశమున 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. మఱి 13 కోట్ల 60 లక్షలమంది దాని వాకిట నున్నారు.

మధుమేహమున గుండెనాళములు పెక్కు మూసుకొనినపుడు, తీగగొట్టములు నిలుపుటకంటె బైపాస్ మేలని 1900మందిపై జరిగి 2012లో వెలువడిన ఫ్రీడమ్ అను పరిశోధన చూపినది. అయిదేండ్లలో మరణము, గుండెపోటు, పక్షవాతము అను మూటిలో ఏదేని సంభవించినది గొట్టములు పెట్టించుకొనినవారిలో నూటికి 26.6 మందికి కాగా, బైపాస్ అయినవారిలో 18.7 మందికి. కావున గుండెకోతబల్ల నెక్కువారిలో మధుమేహులు పెక్కుర గుచున్నారు. అనగా ఏ మూత్రపిండము ఈ పరీక్షకు నిలువవలసి యున్నదో, ఆ మూత్రపిండము అప్పటికే చక్కెరచే నలిగియున్నదన్నమాట.

ఇంకొక విశేషము. కోతయే దేహమునకు పెద్ద యుద్ధము. అపుడు దేహము అడ్రినలిన్, కార్టిసాల్ మున్నగు ద్రవ్యములను విడుచును. అవి ఇన్సులిన్ పనిని అణచి, కాలేయమునుండి చక్కెరను రక్తములోనికి త్రోయును. కావున మధుమేహము లేనివారికి సైతము శస్త్రచికిత్సానంతరము చక్కెర పెరుగుట కలదు. పెరిగినచో గాయము చీము పట్టును, రొమ్మెముక అతుకుట జాగగును, మూత్రపిండములు మరింత నలుగును.

ఎంతవరకు తగ్గింపవలెను?

పెరిగిన చక్కెర కీడైనచో పూర్తిగ దింపుటయే మేలుగదా యని తోచును. వైద్యలోకమునకును మొదట అట్లే తోచినది. ఇందులో గొప్ప పాఠము కలదు గనుక కొంచెము వివరించెదను.

బెల్జియము దేశమున లూవెన్ నగరమందు గ్రేట్ వాన్ డెన్ బెర్గ్ అను వైద్యురాలు, శస్త్రచికిత్సాశాలనుండి వచ్చి కృత్రిమశ్వాసమీద నున్న 1548 మంది రోగులను రెండుగ విభజించెను. వారిలో గుండెకోతవారే హెచ్చు. ఒక తెగవారికి చక్కెర 180, 200 నడుమ నుండనిచ్చిరి. రెండవ తెగవారికి ఇన్సులిన్‌ను ధారగ నిచ్చి 80, 110 నడుమ బిగించిరి. 2001లో ఫలితము వెలువడినది. ప్రత్యేక పర్యవేక్షణశాలలో మరణములు నూటికి 8 నుండి 4.6కు తగ్గినవి. డయాలిసిస్ కావలసిన మూత్రపిండవైఫల్యము నూటికి 41 పాళ్లు తగ్గినది. ప్రపంచమంతట వైద్యశాలలు ఈ పద్ధతిని చేపట్టినవి.

పిమ్మట ఆస్ట్రేలియా, న్యూజిలండు, కెనడా మున్నగు దేశములవారు కలిసి పలువిధముల తీవ్రరోగులపై ఇంకను పెద్ద పరిశోధన సాగించిరి. 6104 మంది అందు చేరిరి. 2009లో వెలువడిన ఫలితము తలక్రిందుగ నుండెను. చక్కెరను బిగించిన తెగలో తొంబదిదినములలో నూటికి 27.5 మంది మరణించిరి. 180కు దిగువగ నుంచి ఊరకున్న తెగలో 24.9 మంది. చక్కెర అపాయకరముగ పడిపోవుట ఒక తెగలో నూటికి 6.8 మందికి, రెండవ తెగలో నూటికి అరమందికి మాత్రము సంభవించెను. తదుపరి 2015లో అమెరికాలో బైపాస్ చేయించుకొనిన 302 మందిపైన 100, 140 నడుమ నుంచుటయు, 141, 180 నడుమ నుంచుటయు పోల్చిచూడగా మొత్తముమీద చెప్పుకొనదగిన భేదము కనబడలేదు.

నేడు వైద్యులు సామాన్యముగ అనుసరించు మార్గము ఈ యనుభవమునుండి పుట్టినది. శస్త్రచికిత్సానంతరము చక్కెర 180ని మించరాదు; దానిని దింపుటకై మితిమీరి పరుగెత్తరాదు. పెక్కుచోట్ల 140, 180 నడుమ నుంచుచున్నారు. బిగించిన వీణతీగ తెగును, వదలిన తీగ పలుకదు. మా మామగారి యింట జరిగినదియు ఇదే. పెరిగిన చక్కెరను చూచి భయపడుట అందరు నేర్చిరి. పడిపోయిన చక్కెరను చూచి భయపడుట ఎవరును నేర్పలేదు.

మాటాడని యవయవము

గుండె నొప్పిచే అరచును. మూత్రపిండము అరవదు. దాని శక్తి సగము పోవువరకు క్రియాటినిన్ అంక కూడ మామూలుగ కనబడవచ్చును. కోతపిమ్మట దెబ్బ తగిలిన గంటలోనే ఆ యంక పెరుగదు. ఒకటి రెండుదినములు పట్టును. 2012నాటి అంతర్జాతీయ నిర్ణయమునుబట్టి నలువదియెనిమిది గంటలలో క్రియాటినిన్ 0.3 పెరిగినను, ఏడుదినములలో మొదటి యంకకు ఒకటిన్నర రెట్లైనను, ఆరుగంటలసేపు మూత్రము బాగుగ తగ్గినను దానిని మూత్రపిండాఘాతముగ నెంచవలెను. చూడుడు, 0.3 యెంత చిన్నయంక! చీటీలోనున్న ఇట్టి చిన్నయంకయే రాబోవు పెద్దయిబ్బందికి తొలి యుత్తరము.

అంతకు ముందే తెలిసికొను ఉపాయము కూడ కలదు. మూత్రమున అల్బుమిన్ అను మాంసకృత్తు జారుచున్నదా యని పరీక్షించినచో మధుమేహము మూత్రపిండమును పట్టుచున్న సంగతి యేండ్లముందుగ తెలియును. దీని కగు వెల స్వల్పము. ప్రతి మధుమేహియు ఏటేట ఒకమారైన నీ పరీక్షయు, క్రియాటినిన్ పరీక్షయు చేయించుకొనవలెను.

గృహస్థు లెరుగవలసిన సంగతులు

శస్త్రచికిత్స నిర్ణయమైనపుడు తొందర లేని రోగి యైనచో, మూడునెలల చక్కెర సగటును తెలుపు ఎ1సి పరీక్ష చేయించి, మిక్కిలి హెచ్చుగ నున్నచో ముందు దానిని సవరించుకొనుట మేలు. వాడుచున్న ప్రతి మాత్రను వైద్యునికి చూపవలెను. చక్కెరను మూత్రముద్వారా వెడలించు క్రొత్తజాతి మందులు గుండెకును, మూత్రపిండములకును మేలుచేయునవే. కాని వానిని శస్త్రచికిత్సకు మూడుదినములముందు, ఒకదానిని నాలుగుదినములముందు ఆపవలెను. లేనిచో రక్తము పుల్లనగు ప్రమాదము కలదు. ఆపుట, మరల మొదలిడుట వైద్యుని యాజ్ఞపైననే జరుగవలెను.

ఇంటికి వచ్చినపిమ్మట మొదటి వారముననే క్రియాటినిన్ పరీక్ష జరుగవలెను. తర్వాత వైద్యుడు చెప్పిన గడువులలో జరుగవలెను. మందు మార్పక, ఆహారము మార్పక చక్కెర తనంతట తాను దిగుచున్నచో సంతసింపక ముందు మూత్రపిండములను పరీక్షింపవలెను. మెట్‌ఫార్మిన్ వంటి మాత్రలు సైతము మూత్రపిండశక్తి మిక్కిలి తగ్గినపుడు మానవలసినవే.

చక్కెర పడిపోవుటకు గురుతులు గుండెదడ, వణకు, చెమట, తికమక. కాని గుండెకోతపిమ్మట పెక్కుర కిచ్చు గుండెవేగమును తగ్గించు మందులు దడను, వణకును మరుగుపరచును. చెమట యొకటే మిగులును. అట్టి చెమట పట్టినపుడు వ్రేలికొనను గ్రుచ్చి చూచుట మొదటిపని. 70కి దిగువ నున్నచో, రోగికి తెలివి యున్నచో మూడుచెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను. తెలివి లేనివాని నోట ఏమియు పోయరాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. చెమటతోబాటు రొమ్మునొప్పి యున్నను, చక్కెర సరిగనే యున్నను, గుండెపోటని యెంచి త్వరపడవలెను.

నొప్పిమాత్రల సంగతి మరల చెప్పెదను. ఐబుప్రొఫెన్, డైక్లొఫినాక్ వంటివి మూత్రపిండమునకు పోవు రక్తమును తగ్గించును. అంగడిలో అడుగగనే లభించుచున్నవి గనుక నిరపాయములని తలపరాదు. మన ప్రక్కనున్న పుత్తూరి కట్టు విరిగిన యెముకకు దేశదేశముల ప్రసిద్ధి గాంచినది. విరిగిన మూత్రపిండమునకు అట్టి కట్టు లేదు. పేరు తెలియని చూర్ణములును, లోహములు కలిసిన భస్మములును మూత్రపిండరోగి మ్రింగుట చేతులార కీడు తెచ్చుకొనుటయే.

భోజనమునగూర్చి మన సీమలో కొన్ని యపోహలు కలవు. రాగిసంకటి వరియన్నమునకు బదులు గనుక ఎంత తిన్నను చక్కెర పెరుగదని నమ్ముదురు. రాగియు పిండిపదార్థమే, ముద్ద పరిమాణమును బట్టియే చక్కెర. చక్కెర మాని బెల్లము తినవచ్చుననుట మరియొక భ్రాంతి. రెంటికిని తల్లి చెరకే. జబ్బుచేసినవానికి టెంకాయనీళ్లు అమృతమందురు. కాని మూత్రపిండములు బలహీనమైనవానికి అందులోని పొటాషియము రక్తమున పేరుకొని గుండెను ఆపగలదు. నీరు విస్తారముగ త్రాగినచో మూత్రపిండములు కడుగబడుననుటయు అందరి విషయమున నిజము గాదు. బలహీనపడిన గుండె ఆ నీటిని మోయజాలదు. ఎంత త్రాగవలయునో వైద్యుడే చెప్పవలెను. కాళ్లవాపు, ఆయాసము, మూత్రము తగ్గుట, కొలదిదినములలో రెండుకిలోల బరువు పెరుగుట, వీనిలో ఏది కనబడినను రేపటికి వాయిదా వేయరాదు.

ఇంతమాత్రమున గుండెకోతను చూచి జంకనక్కరలేదు. మన తెలుగుబిడ్డ పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1990లో హ్యూస్టన్ నగరమున బైపాస్ చేయించుకొని, మరుసటియేడు ప్రధానమంత్రియై అయిదేండ్లు రాజ్యభారమును వహించిరి. చికిత్స బ్రదుకు నిచ్చును. ఇచ్చిన బ్రదుకును నిలుపుకొనుట మన చేతిలో నున్నది.

ప్రజలును, ప్రభుత్వమును

ఈ విషయమున బాధ్యత రోగిది మాత్రమే యనుట న్యాయము గాదు. మా మామగారి కథలో దోషము మొదట నాది. కాని ఆరుపుటల ఆంగ్లపత్రమును అక్షరమెరుగని యింటికి పంపుటయు దోషమే. నగరివంటి సరిహద్దుసీమలో రోగి చికిత్సకై భాషదాటి పోవుచున్నాడు. వ్రాయువారి భాష యొకటి, ప్రాణము పణముగ పెట్టినవాని భాష యొకటి. గుండెకోత జరిగిన ప్రతి రోగికిని తెలుగులో ఒక్కపుట చీటీ నొసగవలెనని మేము కోరుచున్నాము. క్రియాటినిన్ ఎంత, చక్కెర ఏ హద్దులలో నుండవలెను, మరల పరీక్ష యేనాడు, ఏ మందు మ్రింగరాదు, ఏ గురుతు కనబడిన పరుగెత్తవలెను. ఈ అయిదుమాటలు పెద్దయక్షరములతో నున్న చాలును. దీనికి క్రొత్త భవనములు అక్కరలేదు, క్రొత్త యంత్రములు అక్కరలేదు.

రెండవది. శస్త్రచికిత్సకు లక్షలు వ్యయమగుచుండగా ప్రభుత్వమును, ధర్మనిధులును భరించుచున్నవి. గుండె, మూత్రపిండములు మున్నగువాని ప్రాణాంతకవ్యాధులచే పీడింపబడు పేదలకై దేవస్థానమువారి ప్రాణదానము ట్రస్టు కలదు. ఇట్టి దాతృత్వము కొనియాడదగినది. కాని లక్షల వ్యయముతో నిలిపిన ప్రాణము స్వల్పవ్యయమగు రక్తపరీక్ష జరుగక పోవుట యెంత శోచనీయము! కోత జరిగినవాని పేరును అతని పల్లెకు చేరువనున్న ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తెలిపి, మొదటి మూడునెలల రక్తమూత్రపరీక్షలు అచ్చటనే జరుగునట్లును, ఆ వేళకు రాని రోగి యింటికి ఆరోగ్యకార్యకర్త పోవునట్లును ఏర్పాటు చేయవలెను. డయాలిసిస్ యంత్రములను పెంచుట అవసరమే. అంతకంటె అవసరము ఆ యంత్రము దరికి పోవువారిని తగ్గించుట.

మూడవది చదువుకొనిన మనకు. గ్రామములలోని భూస్వాములకును, పట్టణముల ఉద్యోగస్థులకును, వకీళ్లకును, ఉపాధ్యాయులకును ఈ మాట. ఇరుగుపొరుగు ఇండ్లలోనుండి ఎవరైన ఆసుపత్రిపత్రమును తెచ్చి చదివిపెట్టుమని మీ చేతి కిచ్చినపుడు తిరుగవేసి తిరిగి యీయకుడు. కూర్చుండి తుదిపుటవరకు చదువుడు. గుండె మాట చెప్పి ఊరకుండక చక్కెర మాట, క్రియాటినిన్ మాట చెప్పుడు. మరల పరీక్షకు పోవలసిన తేదీని గోడమీది పంచాంగమున మీ చేతితోనే గురుతిడుడు.

మా అత్తగారింట నేడు అట్టి పంచాంగమే వ్రేలాడుచున్నది. నెలకొకచోట ఎఱ్ఱసిరాతో సున్న చుట్టియుండును. ఆనాటి వేకువను మామగారు అన్నము ముట్టక, కవరు సంచిలో నుంచుకొని, ఏకాంబరకుప్పము స్టేషనులో తిరుపతిబండికై వేచియుందురు. మొదటినాడే ఆ సున్న చుట్టియుండిన ఎంత బాగుండెడిది!